టైటానిక్ 13వ లైఫ్‌బోటు: బతికి బయటపడ్డవారి మాటలను ఎలా తూచాలి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందు చెబుతాను. టైటానిక్ మునిగిన రాత్రి 13వ లైఫ్‌బోటు నీటిని తాకిందో లేదో, దాని నెత్తిమీదికి మరో పడవ దిగి వచ్చిందని, అందులోనే ఉన్న లారెన్స్ బీస్లీ అనే రెండో తరగతి ప్రయాణికుడు రాశాడు. ఆ దిగివచ్చినది 14వ పడవ అని మొదట పత్రికల్లో రాశాడు. 13లోనే ఉన్న ఫ్రెడరిక్ బారెట్, అంటే బాయిలర్ గదిలో బొగ్గు వేసేవాళ్ల మేస్త్రీ, అది 15వ పడవ అని, తమ పడవను దించిన మోకు తెంచింది తానేనని విచారణలో చెప్పాడు. ఇక 13లోనే బయటపడ్డాడని చాలామంది పరిశోధకులు భావించే డేనియల్ బక్లీ అనే మూడో తరగతి ప్రయాణికుడు తన మీద శాలువా కప్పి కాపాడింది కోటీశ్వరుడు ఆస్టర్ గారి భార్య అనుకుంటున్నానన్నాడు. ఆమె వెళ్లింది 4వ పడవలో. ఇలా పొరపాట్లు కలిసి, ఒకరితో ఒకరు పొసగని మాటలు చెప్పిన ముగ్గురిలో ఎవరిని నమ్మాలి, ఎవరిని పక్కన పెట్టాలి అని మీరు అడిగారు.

ఈ సాక్ష్యాలు చదవడం మొదలుపెట్టిన రోజుల్లో నేనూ ఇలాగే అడిగేవాణ్ని. పడవకొక కాగితం పెట్టుకుని, సాక్షి పేరుకు ఎదురుగా నమ్మదగినవాడు, నమ్మదగనివాడు అని రాసుకుంటూ పోయాను. బీస్లీ పేరు దగ్గరికి వచ్చేసరికి ఆ పద్ధతి కుప్పకూలింది. ఎందుకంటే అతను ఒకే పేరాలో ఎవరికీ తోచని నిజాన్నీ, సాధ్యమే కాని తప్పునూ పక్కపక్కనే రాశాడు. అప్పటి నుంచి నేను మనుషులను తూచడం మానేసి, వాళ్లు చెప్పిన వాక్యాలను ఒక్కొక్కటిగా తూస్తున్నాను. ఈ వాక్యం చెప్పిన మనిషి ఆ క్షణంలో ఎక్కడ ఉన్నాడు, అక్కడి నుంచి అతనికి ఏది కనబడుతుంది, అతను చెప్పేది కంటితో చూసిందా, చేత్తో చేసిందా, చెవిన పడిందా, లేక తరువాత ఊహించి పూరించిందా, అలా చెప్పడం వల్ల అతనికి వచ్చేదేమిటి, పోయేదేమిటి అని అడుగుతాను.

అసలు విషయం తెలియనివారి కోసం నాలుగు మాటలు. 1912 ఏప్రిల్ 14 రాత్రి 11:40కి ఓడ మంచుకొండను తాకింది, 15వ తేదీ తెల్లవారుజామున 2:20కి మునిగిపోయింది. ఓడలో ఉన్నవారు సుమారు 2,200 మంది, లైఫ్‌బోట్లు 20, వాటన్నిటిలో కలిపి పట్టేది 1,178 మంది. 13వ పడవ 65 మంది పట్టే పెద్ద చెక్క పడవల్లో ఒకటి. మీ ప్రశ్నకు అన్నిటికంటే ముఖ్యమైన వివరం మరొకటి ఉంది: బేసి అంకెల పడవలన్నీ ఓడకు కుడివైపున, సరి అంకెల పడవలన్నీ ఎడమవైపున ఉండేవి. 13కు పక్కన, ఓడ వెనుక కొసవైపు వేలాడుతున్నది 15. 14వ పడవ ఓడ వెడల్పంతా దాటి అవతలి పక్కన ఉంది. అది 13 నెత్తిన దిగే ప్రసక్తే లేదు.

ఇప్పుడు బీస్లీ రాసింది చూద్దాం. ఇంజన్ల కండెన్సర్ (వాడిన ఆవిరిని చల్లార్చి నీరుగా మార్చే యంత్రం) నుంచి బయటికి తోడేసే నీరు ఓడ పక్కనుంచి పెద్ద ధారగా దూకుతోందని, పడవ సరిగ్గా దానికి సమీపంగా దిగిందని, ఆ ధార తోపుకు పడవ ఓడ వెనుకవైపు కొట్టుకుపోయిందని అతను చెబుతాడు. పడవను దించిన మోకులు ఇంకా తగిలించే ఉండటంతో, అవి బిగిసి, పడవ వదులు కాలేదు. అంతలో పైనుంచి పక్క పడవ వచ్చేస్తోంది. 14ను దించడం ఆపండని కిందివాళ్లు అరిచారని, పైపడవవాళ్లూ అదే అరిచారని, డెక్ మీదివాళ్లకు అది వినపడలేదని, చివరికి తానూ తన పక్కనున్న స్టోకరూ (బాయిలర్లలో బొగ్గు వేసే కార్మికుడు) చేతులెత్తి పైపడవ అడుగును తాకి తోయబోయారని రాశాడు. అప్పుడు మరో స్టోకర్ కత్తితో మోకుల దగ్గరికి దూకి, ఒకటి, రెండు అని లెక్కపెడుతూ తెంచాడని, ఆ మరుక్షణమే ధార తోపుకు తమ పడవ పక్కకు జరిగిందని, తామున్న చోటనే పైపడవ నీటిలో దిగిందని ముగించాడు.

బీస్లీ సైన్సు పాఠాలు చెప్పిన మాస్టారు. నీటి ధార, తోపుడు, బిగిసిన మోకు, వీటి గురించి అతను రాసిన తీరులో ఆ వృత్తి కనబడుతుంది. ఏ బలం ఎటు తోసిందో అతను గమనించాడు. అదే పడవలో ఉన్న స్టీవర్డ్ (ప్రయాణికులకు సేవలు చేసే ఉద్యోగి) ఫ్రెడరిక్ రే కూడా అమెరికాలో సాక్ష్యం చెబుతూ ఓడ పక్కనుంచి దూకుతున్న ఆ నీటిని ప్రస్తావించాడు. బారెట్ చెప్పిన మాటలూ ఇంచుమించు ఇదే కథ: వెనుక మోకు వదలమని తాను అరిచానని, ఎవరికీ అర్థం కాలేదని, కూర్చున్న ఆడవాళ్ల మీదుగా నడిచివెళ్లి మోకు కోయవలసివచ్చిందని అతను బ్రిటిష్ విచారణలో చెప్పాడు. బీస్లీని ఏ విచారణకూ పిలవలేదు, అతనికి బారెట్ పేరు కూడా తెలియదు, ఒక స్టోకర్ అని మాత్రమే రాశాడు. ఒకరు చదువుకున్న ప్రయాణికుడు, మరొకరు బొగ్గు మసితో పైకి వచ్చిన కార్మికుడు. వీళ్లిద్దరూ కూడబలుక్కునే అవకాశం తక్కువ. పైగా ఇద్దరి మాటలూ అచ్చుగుద్దినట్టు లేవు. బీస్లీకి లెక్కపెట్టే గొంతు గుర్తుంది, బారెట్‌కు కాళ్ల కింద ఉన్న మనుషులు గుర్తున్నారు. ఒక్క సంఘటనను రెండు చోట్ల నుంచి చూసినవారి మాటల్లో ఉండవలసిన తేడా అదే. రెండు సాక్ష్యాలూ మాట మాటకు సరిపోతేనే నాకు అనుమానం మొదలవుతుంది.

మరి ఆ 14 సంగతి? బీస్లీ ఉన్న చోటి నుంచి పైపడవ మీద అంకె చదవడానికి అతను పైకి చూస్తే కనబడేది పడవ అడుగు. రాత్రి, చంద్రుడు లేడు. 13 తరువాత వచ్చేది 14 అని అతని మనసు పూరించి ఉండాలి, లేదా బాయిలర్ గదుల నుంచి వచ్చి ఏ పడవ ఎటువైపో ఎరగని స్టోకర్లే అలా అరిచి ఉండాలి. ఏదైనా ఒకటే: ఆ అంకె కంటితో చూసింది కాదు. ఇక్కడ ఒక పాఠం ఉంది. బీస్లీ తరువాత తన పుస్తకంలో, పడవలకు ఒకటి విడిచి ఒకటిగా అంకెలు వేశారని తెలియక 14 అన్నానని ఒప్పుకున్నా, ఆ అంకెను తమ పడవవాళ్లు అరిచిన మాటగా కొటేషన్ గుర్తుల మధ్య ఉంచేశాడు. చదివేవారు సాధారణంగా అలాంటి మాటలనే ఎక్కువ నమ్ముతారు, సాక్షి చెవిలో ఇంకా మోగుతున్నాయనుకుంటారు. నా అనుభవం దీనికి తలకిందులు. విపత్తు సాక్ష్యాల్లో నేరుగా ఉటంకించిన మాటలే ముందు కరిగిపోతాయి, భావం మిగులుతుంది, మాటలను జ్ఞాపకం మళ్లీ కూర్చుకుంటుంది. అలాగని 14 అనే తప్పు నీటి ధారను అబద్ధం చేయదు. పడవ అడుగును తాకిన అరచేతిని అబద్ధం చేయదు.

బక్లీ విషయం మరింత ఆసక్తికరం. ఐర్లండ్ నుంచి వలస వెళ్తున్న ఈ యువకుడు అమెరికా సెనేట్ విచారణలో తన నోటితో తానే చెప్పుకున్నది ఏమిటంటే, మగవాళ్లను పడవలోంచి దింపుతుంటే తాను ఏడ్చానని, ఒక స్త్రీ తన మీద శాలువా వేసి అక్కడే ఉండమన్నదని. ఆ రోజుల్లో ఆడవేషంలో దాక్కుని బతికిన మగవాడు అనే మాట ఎంత సిగ్గుమాలినదిగా పత్రికలు ఊదరగొట్టేవో మీకు తెలిసే ఉంటుంది. తనకు తలవంపులు తెచ్చే మాటను ఎవరూ అడగకుండా కల్పించుకుని చెప్పరు. కాబట్టి శాలువా నిజం. ఆస్టర్ భార్య మాత్రం అతనికి కంటితో తెలిసిన మనిషి కాదు, అనుకుంటున్నాను అని తానే అన్నాడు. మూడో తరగతి కుర్రవాడికి కోటీశ్వరుడి భార్య ముఖం ఎక్కడ తెలుస్తుంది? వాళ్లను ఎక్కించుకున్న కార్పాథియా ఓడ మీద మూడు రోజుల పైచిలుకు గడిపిన ఆ ఏడువందల పైచిలుకు మంది ఒకరికొకరు కథలు చెప్పుకుంటూనే ఉన్నారు. ఏప్రిల్ 18 రాత్రి న్యూయార్క్ రేవులో పత్రికలవాళ్లు కాచుకుని ఉన్నారు. మర్నాడే సెనేట్ విచారణ మొదలైంది. ఆ నాలుగు రోజుల్లో ఎవరి కథలోకి ఎవరి పేరు వచ్చి చేరిందో విడదీయడం కష్టం. పేరున్నవాళ్ల పేర్లు మాత్రం ఎక్కువగా అతుక్కున్నాయని చెప్పగలను.

ఇంకొక సంగతి, బక్లీ వంటివారి మాట మనకు దక్కడమే అదృష్టం. సెనేట్ ముందు సాక్ష్యం చెప్పిన మూడో తరగతి ప్రయాణికులు ముగ్గురే: బక్లీ, ఓలౌస్ ఆబెల్సెత్, బర్క్ పికార్డ్. లార్డ్ మెర్సీ అధ్యక్షతన మే 2న లండన్‌లో మొదలైన బ్రిటిష్ విచారణలో పాతిక వేలకు పైగా ప్రశ్నలు వేశారు గానీ, మూడో తరగతి నుంచి ఒక్కరినీ పిలవలేదు. పడవల్లో ఉన్న ప్రయాణికులుగా అక్కడ నోరు విప్పింది డఫ్ గోర్డన్ దంపతులు, కంపెనీ అధిపతి బ్రూస్ ఇస్మే మాత్రమే. సాక్ష్యాల కట్ట ఎంత లావుగా ఉన్నా, ఏ గొంతులు అందులో లేవో కూడా చూసుకోవాలి.

ఇక అంకెలకు వద్దాం, ఎందుకంటే ప్రతి పడవ గురించీ అడిగే రెండో ప్రశ్న ఎంతమంది ఉన్నారనే. ఇక్కడ బ్రిటిష్ విచారణ నివేదికలో ఉన్న ఒక చిన్న లెక్క నాకు మొత్తం గ్రంథంకంటే విలువైనది. పడవ పడవకూ సాక్షులు చెప్పిన అంకెలను మెర్సీ కూడించాడు. సిబ్బందిలో మగవారు 107, ప్రయాణికుల్లో మగవారు 43, ఆడవారూ పిల్లలూ 704, మొత్తం 854 వచ్చింది. నిజంగా బతికినవారిగా ఆ నివేదిక తేల్చింది 712 మందిని: సిబ్బందిలో మగవారు 189, మగ ప్రయాణికులు 129, ఆడవారూ పిల్లలూ 394. ఈ రెండు వరసలను ఒకదాని కింద ఒకటి రాసి కాసేపు చూడండి. చీకట్లో తలలు లెక్కపెట్టలేక తప్పు చేస్తే, ఆ తప్పు కొన్నిచోట్ల ఎక్కువకూ, కొన్నిచోట్ల తక్కువకూ పోవాలి. ఇక్కడ అలా జరగలేదు. మగవారు ప్రతిచోటా తగ్గారు, మూడింట ఒక వంతుకు పడిపోయిన వరస కూడా ఉంది. ఆడవారు రెట్టింపుకు దగ్గరగా పెరిగారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండానే అందరూ ఒకే దిక్కుకు వాలారు. ఆడవాళ్లకూ పిల్లలకూ ముందు చోటు అనే నియమం నడిచిన రాత్రి, మగవాడిగా బతికి బయటపడ్డవాడు తన పడవలో ఇంకెందరు మగవాళ్లున్నారో చెప్పేటప్పుడు అంకె నాలుక మీదనే కుంచించుకుపోతుంది. వాళ్లంతా అబద్ధాలకోరులని నేను అనను. సిగ్గు జ్ఞాపకాన్ని ఎటు వంచుతుందో తెలిస్తే, ఆ వంపును మనం లెక్కలోంచి తీసివేయగలం. 13వ పడవకూ ఇది వర్తిస్తుంది. అందులో ఆడవాళ్లే ఎక్కువ అని ఎవరైనా చెబితే, ఆ మాటను ఈ వరసల పక్కన పెట్టి చదవండి.

స్వప్రయోజనం విషయంలో పాఠకులు ఒకవైపే ఎక్కువ జాగ్రత్త పడతారు. 40 మంది పట్టే 1వ పడవలో 12 మందితో వెళ్లిన సర్ కాస్మో డఫ్ గోర్డన్ తన పడవలోని సిబ్బందికి తలా అయిదు పౌండ్లు ఇచ్చాడు కాబట్టి, నీళ్లలో ఉన్నవాళ్ల కోసం వెనక్కి వెళ్లకుండా ఉండటానికి లంచమిచ్చాడని పత్రికలు దుమ్మెత్తిపోశాయి. ఆ ఆరోపణకు ఆధారం లేదని మెర్సీ తేల్చాడు. వెనక్కి వెళ్దామని తాను అడిగితే ఒప్పుకోలేదని చెప్పిన, ఆ పడవలోని స్టోకర్ చార్లెస్ హెండ్రిక్సన్ మాట మాత్రం నాకు అంత తేలిగ్గా కొట్టిపారేయదగినదిగా అనిపించదు. డబ్బు తీసుకున్నవాడు డబ్బిచ్చినవాడికి నచ్చని మాట చెప్పాడు మరి. ఇక్కడ ప్రయోజనం సాక్ష్యానికి ఎదురుగా పోతోంది, దాన్ని బలహీనపరచడం లేదు.

ద్వేషం, చిన్నచూపు కూడా ఇలాగే పనిచేస్తాయి. 14వ పడవను దించుతూ ఓడ అధికారి హెరాల్డ్ లో (Lowe) అనే అతను, ప్రతి డెక్ దాటేటప్పుడూ రివాల్వర్ పేల్చానని, ఓడ రెయిలింగుల దగ్గర ఇటాలియన్లు క్రూరమృగాల్లా దూకడానికి సిద్ధంగా ఉన్నారని సెనేట్ ముందు చెప్పాడు. ఇటలీ రాయబారి అభ్యంతరం చెప్పాక ఆ ఇటాలియన్ అనే మాటను రాతపూర్వకంగా సవరించుకున్నాడు. ఒకే వాక్యాన్ని రెండుగా కోయవలసిన చోటు ఇది. కాల్పులు తన చేత్తో తాను చేసిన పని, ఆ పడవలో ఉన్న నావికుడు జోసెఫ్ స్కారట్ కూడా అదే చెప్పాడు, అది నిలబడుతుంది. రెయిలింగు దగ్గరి ముఖాలు ఏ దేశానివో, వాళ్ల ఉద్దేశమేమిటో చెప్పిన సగం, ఆ అధికారి మనసులో ముందే ఉన్నది. ‘సీ’ (C) అనే మడత పడవలో, అంటే గుడ్డ అంచులు మడిచిపెట్టే పడవలో, కనబడిన చైనా మనుషుల కథ ఇంతకన్నా అన్యాయం. వాళ్లు దొంగచాటుగా ఓడెక్కారని, పడవ అడుగున నక్కారని పత్రికల్లో వచ్చింది. నిజానికి ఎనిమిది మంది చైనా నావికులు ఒకే మూడో తరగతి టిక్కెట్టు మీద సక్రమంగా ప్రయాణిస్తున్నారు, వారిలో ఆరుగురు బతికారు. కిక్కిరిసిన పడవలో తెల్లవారేదాకా కనబడలేదంటే నక్కి ఉన్నారని కాదు, చీకట్లో ఎవరూ చూడలేదని అర్థం.

ఇప్పుడు సాక్ష్యం ఎక్కడ బలంగా ఉంటుందో చెప్పాలి, లేకపోతే అన్నిటినీ అనుమానించడమే నా పని అనుకుంటారు. నాకు అన్నిటికంటే ఇష్టమైన సాక్ష్యాలు, చెబుతున్నవాడికి తాను ఏమి నిరూపిస్తున్నాడో తెలియనివి. 10వ పడవ ఎక్కబోతూ నల్లబట్టలు వేసుకున్న ఒక స్త్రీ ఓడకూ పడవకూ మధ్య సందులో జారిపడిందని, కింది డెక్ దగ్గర ఆమెను లోపలికి లాగారని నావికులు ఎవాన్స్, బూలీ చెప్పారు. ఆ సందు వెడల్పు రెండు మూడు అడుగులు. వాళ్లు చెప్పదలచుకున్నది ఒక మనిషి ప్రాణం దక్కిన కథ మాత్రమే. కానీ 10వ పడవ ఎడమవైపుది. పడవ ఓడకు అంత దూరంగా వేలాడాలంటే ఓడ ఎడమవైపుకు ఒరిగి ఉండాలి. మొదట్లో ఓడ కుడివైపుకు ఒరిగిందని, ఎడమ ఒరుగుడు తరువాత వచ్చిందని ఇతర సాక్ష్యాల వల్ల తెలుసు. బ్రిటిష్ నివేదిక 10వ పడవ దిగిన సమయాన్ని 1:20గా రాసింది. ఆ సందును ఆధారం చేసుకుని, మరికొన్నిటితో కలిపి, తరువాతి పరిశోధకులు ఆ పడవను ఆలస్యంగా దిగినవాటిలోకి జరిపారు. ఏ గడియారం చూసిన సాక్షీ ఇవ్వలేని సమయాన్ని, జారిపడిన ఒక స్త్రీ పాదం ఇచ్చింది.

దీనికి అద్దంలో బొమ్మ లాంటిది కుడివైపున మడత పడవ సీ దగ్గర ఉంది. క్వార్టర్‌మాస్టర్ (ఓడ చుక్కాని పట్టే నావికుడు) జార్జ్ రో దాన్ని దించుతూంటే, పడవ అంచు ఓడ పక్కనున్న రివెట్లకు తగులుతూ పోయిందని, ఓడ ఎడమకు ఆరు డిగ్రీల దాకా ఒరిగి ఉందని చెప్పాడు. కుడివైపు పడవ ఓడ పొట్టను రాసుకుంటూ దిగిందంటే ఓడ ఎడమకు ఒరిగిందని, ఎడమవైపు పడవకు సందు ఏర్పడిందన్నా ఓడ ఎడమకే ఒరిగిందని అర్థం. ఓడకు చెరోపక్క నిలబడిన మనుషులు, ఒకరికొకరు తెలియకుండా, ఒకే ఒరుగుడును తమ శరీరాలతో కొలిచారు. ఇలాంటి జంట దొరికినప్పుడు నేను ఆ రోజుకు పుస్తకం మూసేస్తాను, అంత తృప్తిగా ఉంటుంది.

అదే పడవలో వెళ్లిన ఇస్మే గురించి మీలాంటివారు తరచు అడిగే ఒక ముక్క చెప్పి ముందుకు పోతాను. తాను తెడ్డు వేస్తూ ఓడకు వీపు పెట్టి కూర్చున్నానని, ఓడ మునగడం చూడలేదని అతను చెప్పాడు. తెడ్డు లాగేవాడు పడవ పోతున్న దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటాడు కాబట్టి, ఓడ నుంచి దూరంగా పోతున్న పడవలో అతని ముఖం ఓడవైపే ఉండాలి కదా, ఇతను అబద్ధమాడాడు అని విమర్శకులు ఎత్తిచూపుతారు. పద్ధతి మంచిదే, తీర్పు తొందరపాటు. కిక్కిరిసిన పడవలో ఒకే తెడ్డును ఒకరు లాగుతుంటే ఎదుటివారు తోస్తారు. తోసేవాడి వీపు ఓడవైపే ఉంటుంది. భౌతిక ఆధారంతో సాక్షిని పట్టుకోబోయేవాడు ఆ భౌతికాన్ని పూర్తిగా ఆలోచించాలి.

హోదాను బట్టి నమ్మడం ఎంత ప్రమాదమో చెప్పడానికి ఓడ విరిగిన కథ చాలు. రెండో అధికారి లైటోలర్, మూడో అధికారి పిట్‌మన్ ఓడ ముక్కలు కాలేదన్నారు. కింది స్థాయి నావికులు, ప్రయాణికులు చాలామంది విరిగిందన్నారు. మెర్సీ నివేదిక అధికారుల మాటనే రాసుకుంది. 1985 సెప్టెంబర్ 1న అట్లాంటిక్ అడుగున, దాదాపు 3,800 మీటర్ల లోతున, ఓడ దొరికినప్పుడు ముందు భాగం, వెనుక భాగం సుమారు 600 మీటర్ల దూరంలో విడివిడిగా ఉన్నాయి. 73 ఏళ్లు స్టోకర్లూ నావికులూ చెప్పినది పొరపాటు అన్నట్టుగానే పుస్తకాల్లో ఉండిపోయింది. లైటోలర్ నిపుణుడే, కానీ ఆ నిమిషాల్లో అతను నీళ్లలో, బోర్లాపడిన మడత పడవ బీ దగ్గర ప్రాణాలతో పెనుగులాడుతున్నాడు, ఓడ దీపాలూ ఆరిపోయాయి. నైపుణ్యం చూపును పెంచదు. అందులోనూ కంపెనీ ఓడ విరగడం ఆ కంపెనీ ఉద్యోగికి ఇష్టమైన విషయం కాదు. బ్రిటిష్ విచారణలో తప్పులు కప్పిపుచ్చే సున్నం పూత పూయవలసివచ్చిందన్న అర్థంలో లైటోలరే తరువాత తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు.

ఇవన్నీ దృష్టిలో పెట్టుకుని మీ 13వ పడవకు నేను ఇచ్చే లెక్క ఇది. కండెన్సర్ నీటి ధార పడవను వెనక్కి తోసిందన్నది నేను రూఢిగా తీసుకుంటాను. వేరువేరు మనుషులు చెప్పారు, ఓడ యంత్రాల పనితీరుతో సరిపోతుంది, అలా చెప్పడం వల్ల ఎవరికీ ఒరిగేది లేదు. పైనుంచి వచ్చింది 15వ పడవ అన్నది కూడా రూఢి, ఎందుకంటే అక్కడ ఉండగలిగింది అదొక్కటే. మోకు తెంచింది బారెట్ అన్నది చాలా బలంగా నిలుస్తుంది. మనిషి తన ఘనతను తానే చెప్పుకున్నాడు కాబట్టి మామూలుగా కాస్త తగ్గించి తీసుకోవాలి. కానీ అతని పేరు తెలియని బీస్లీ ఒక స్టోకర్‌ను కత్తితో చూశాడు. బారెట్ ఆ రాత్రి ఆరో నంబరు బాయిలర్ గదిలో నీరు దూసుకురావడం చూసి పైకి వచ్చినవాడు. తరువాత సెనేట్ విచారణ నడిపిన సెనేటర్ స్మిత్, టైటానిక్ జోడు ఓడ అయిన ఒలింపిక్ అడుగున బాయిలర్ గదిదాకా దిగివెళ్లి మరీ అతన్ని ప్రశ్నించాడు. ఆ రెండుసార్ల సాక్ష్యాలూ చదివితే, గొప్పలు చెప్పుకునే మనిషిగా నాకు కనబడలేదు.

బీస్లీ చేతులెత్తి పైపడవ అడుగును తాకడం నేను నమ్ముతాను, అది చేతి జ్ఞాపకం. తెంచే ముందు ఒకటి, రెండు అని లెక్క వినబడిందన్నది వీలైనదే, కానీ దాని మీద ఏదీ కట్టను. ఎవరు ఏమని అరిచారో వదిలేస్తాను. సమయం విషయంలో బ్రిటిష్ నివేదిక 13కూ 15కూ 1:35 అనే రాసింది. అది అయిదు నిమిషాలు అటో ఇటో కావచ్చు. రెండూ దాదాపు ఒకే నిమిషంలో దిగాయన్నది మాత్రం సంఘటనే చెబుతోంది. లేకపోతే ఒకదాని మీద ఒకటి వచ్చేవి కావు.

మీరు తరువాత చేయవలసింది 15వ పడవలో బయటపడినవారి మాటలు తీసి చూడటం. వాళ్లు కూర్చున్న చోటి నుంచి తమ పడవ అడుగున ఏమున్నదో కనబడదు, పక్కన కనబడేది ఓడ ఇనుపగోడ మాత్రమే. కాబట్టి 13 ఎంత దగ్గరగా వచ్చిందని వాళ్లను అడగకండి. కిందినుంచి అరుపులు వినబడ్డాయా, దిగుతున్న పడవ ఎక్కడైనా ఒక క్షణం ఆగి మళ్లీ కదిలిందా, వాళ్ల మాటల్లో ఆ రెండిటి కోసం వెదకండి.